వరి మడిలో మీథేన్ తగ్గించే తడి-పొడి పద్ధతి: పైపు దించడం నుంచి కోత దాకా

తడి-పొడి పద్ధతి అంటే మడిలో ఎప్పుడూ నీరు నిలపకుండా, ఒక పైపు దించి నేల లోపలి నీటి మట్టం చూసుకుంటూ, ఆరబెట్టి మళ్లీ నీళ్లు పెట్టడం. దీని గురించి మాట్లాడిన ప్రతిచోటా అవే ప్రశ్నలు అడుగుతున్నారు. పైపు ఎక్కడ దించాలి? ఎన్ని రోజులు ఆరబెట్టాలి? నెర్రెలిస్తే పంట పోదా? అసలు మన వరికీ, భూమి వేడెక్కడానికీ సంబంధం ఏమిటి? వీటన్నిటికీ జవాబులు ఒకేచోట, పని చేసే వరుసలోనే రాస్తున్నాను. మాది బోరు కింద మూడెకరాల యాసంగి వరి. అందుకే ఉదాహరణలు ఎక్కువగా యాసంగివే ఉంటాయి. దాళ్వా వేసేవాళ్లకూ చాలావరకు ఇవే వర్తిస్తాయి.

1. ముందు సంగతి అర్థం చేసుకోండి

దమ్ము చేసి నెల దాటిన మడిలో కాలు పెట్టి చూడండి. పాదం దిగగానే బురదలోంచి బుడబుడమని బుడగలు లేస్తాయి. ఆ బుడగల్లో ఉండేది ఎక్కువగా మీథేనే, అంటే భూమిని వేడెక్కించే ఒక వాయువు.

నీరు నిలిచిన మట్టిలోకి గాలి పోదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు అక్కడ కొయ్యకాళ్లను, పాత వేర్లను, పేడను కుళ్లబెట్టి మీథేన్ వదులుతాయి. మనకు కనిపించే బుడగలు కొంతే. ఎక్కువ భాగం వరి మొక్క లోపల వేరుకు గాలిని మోసుకెళ్లే సన్నటి గొట్టాల గుండానే పైకి వచ్చేస్తుంది.

మట్టి ఆరి గాలి తగిలిందంటే ఆ జీవుల పని ఆగుతుంది. మీథేన్‌ను తినేసే వేరే సూక్ష్మజీవులు పుంజుకుంటాయి. తడి-పొడి పద్ధతిలో మనం వాడుకునేది దీన్నే.

ఎకరానికి ఎంత తగ్గుతుందో లెక్క చూద్దాం. ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం) 2019లో ఇచ్చిన లెక్కింపు పద్ధతి ప్రకారం, దక్షిణాసియాలో ఎప్పుడూ నీరు నిలిపి ఉంచే పొలం నుంచి హెక్టారుకు రోజుకు సుమారు 0.85 కిలోల మీథేన్ వస్తుంది. 110 రోజులకు లెక్కేస్తే ఎకరానికి దాదాపు 38 కిలోలు. సీజన్‌లో ఒకటి కంటే ఎక్కువ సార్లు ఆరబెడితే ఇందులో 45 శాతం, అంటే 17 కిలోల దాకా తగ్గుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే కిలో మీథేన్ 27 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసేంత వేడి చేస్తుంది. మొత్తం కలిపితే 460 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. సుమారు 200 లీటర్ల పెట్రోలు కాలిస్తే వచ్చేది అంతే. ఒక ఎకరం, ఒక్క సీజన్ సంగతి ఇది.

"వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా, ఇది మనుషుల వల్లే అని ఎలా చెప్తారు?" అని నన్ను చాలామంది అడిగారు. అంటార్కిటికా మంచు పొరల్లో పాతకాలపు గాలి బుడగలు ఇరుక్కుని ఉన్నాయి. వాటిని కొలిస్తే ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతుల్లో సుమారు 280 వంతులు ఉండేదని తేలింది. ఇప్పుడది 420 దాటింది. మీథేన్ వంద కోట్ల వంతుల్లో 700 చిల్లర ఉండేది, ఇప్పుడు 1900 దాటింది. పెరిగిన కార్బన్‌లో ఉన్న రకాలను పరీక్షిస్తే, అది బొగ్గు, చమురు లాంటి పాత నిల్వల నుంచి వచ్చిందని గుర్తుపట్టవచ్చు. సూర్యుడి వేడిని ఉపగ్రహాలు 1978 నుంచి కొలుస్తున్నాయి, అందులో పెరుగుదల లేదు. పైగా నేల దగ్గరి గాలి వేడెక్కుతుంటే చాలా ఎత్తులో ఉండే స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. సూర్యుడే కారణమైతే అక్కడ కూడా వేడెక్కాలి.

ఈ వేడికి పెద్ద కారణం బొగ్గు, పెట్రోలు, గ్యాస్ కాల్చడం. మనుషుల పనుల వల్ల వచ్చే మీథేన్‌లో వరి పొలాల వాటా దాదాపు 8 శాతం. కాబట్టి రైతును దోషిగా నిలబెట్టడం అన్యాయం. అయితే కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు గాలిలో ఉండిపోతుంది, మీథేన్ మాత్రం పన్నెండేళ్లకు అటూఇటుగా పోతుంది. ఇవాళ తగ్గిస్తే ఫలితం మన పిల్లలే చూస్తారు. ముందుగా దెబ్బ తగిలేది కూడా మనకే. పూత సమయంలో ఎండ 35 డిగ్రీలు దాటితే గింజ కట్టక తాలు పెరుగుతుంది. ఆలస్యంగా నాటిన యాసంగి వరిలో దాన్ని చూడని రైతు ఉండడు.

2. మీ పొలానికి ఇది సరిపోతుందా?

అన్ని పొలాలకూ సరిపోదు. ముందుగా ఇవి చూసుకోండి:

- నీళ్లు కావాలన్నప్పుడు పెట్టుకోగలరా? బోరు, బావి కింద అయితే సులువు. కాలువ కింద అయితే నీళ్లు వదిలే రోజులు ముందే తెలిసి ఉండాలి.
- మీ మడిలోకి నేరుగా నీళ్లు వస్తాయా, లేక పై మడి నిండి కిందికి వస్తాయా? మడి నుంచి మడికి పారే చోట ఒక్కరే చేయడం కుదరదు, ఆ వరుసలో వాళ్లంతా ఒప్పుకోవాలి.
- చౌడు నేలా? అయితే వద్దు. నీరు దిగిపోతే ఉప్పు పైకి తేలి పైరు మాడిపోతుంది.
- బాగా ఇసుక నేలా? ఒక్క రోజులోనే నీరు ఇంకిపోతుంటే ఆరబెట్టడం వల్ల పెద్దగా లాభం లేదు.
- వానాకాలమా? వరసగా వానలు పడుతుంటే ఆరదు. తెరిపి ఇచ్చినప్పుడు చేయవచ్చు. మొదటిసారి నేర్చుకోవడానికి మాత్రం యాసంగే మంచిది.

మొదటి ఏడాది మొత్తం పొలంలో చేయకండి. అరెకరమో ఎకరమో తీసుకోండి. పక్కనే మీ పాత పద్ధతి మడి ఉంటే రెండూ కళ్లముందే ఉంటాయి. ఎవరి మాటా నమ్మాల్సిన పని ఉండదు.

3. కావలసిన సామాను

- 4 ఇంచుల పీవీసీ పైపు, ఎకరానికి రెండు అడుగులు (అడుగు చొప్పున రెండు ముక్కలు)
- డ్రిల్లు, లేదా నిప్పుల్లో కాల్చిన ఇనుప చువ్వ
- పాత దోమతెర గుడ్డ ముక్క, కట్టడానికి తీగ
- అడుగున్నర పొడవు సన్నటి వెదురు బద్ద, దాని మీద గీతలకు రంగు
- చేతి పార, ఒక సుత్తి, చెక్క ముక్క
- చిన్న నోటు బుక్కు, పెన్ను

పాత బోరు పైపు ముక్క ఇంట్లో పడి ఉంటే అదే చాలు. అదీ లేకపోతే లావు వెదురును కణుపులు పొడిచి వాడుకోవచ్చు. ఇంతకంటే సన్నటి పైపు వద్దు. లోపల నీరు కనబడదు, చెయ్యి పెట్టి మట్టి తీయడం కుదరదు.

4. నాటుకు ముందు చేయాల్సినవి

చాలామంది పైపు మీదే దృష్టి పెట్టి ఇక్కడ తొందరపడతారు. సగం ఫలితం ఇక్కడే ఉంటుంది.

కొయ్యకాళ్లు. వీటిని కాల్చవద్దు. అలాగని నాటుకు వారం ముందు నీళ్లు పెట్టి బురదలో తొక్కేయవద్దు. పచ్చిగా నీటి కింద కుళ్లే గడ్డి మీథేన్ చేసే జీవులకు పండుగ భోజనం. నాటుకు కనీసం నెల ముందు, నేల పొడిగా ఉన్నప్పుడే కలియదున్నండి. గాలి తగులుతూ కుళ్లితే మీథేన్ చాలా తక్కువ. ఐపీసీసీ లెక్కలో నాటుకు కాస్త ముందర కలిపిన గడ్డితో పోలిస్తే, నెల ముందే కలిపిన గడ్డి ప్రభావం ఐదో వంతు మాత్రమే. పశువుల ఎరువు కూడా పచ్చిగా కాకుండా బాగా మాగినదే వేయండి. వానాకాలం కోతకూ, యాసంగి నాటుకూ మధ్య నెల దొరకని వాళ్లు గడ్డిని పశువులకు కట్టలు కట్టించడమో, గట్టు మీద కుప్పవేసి కంపోస్టు చేయడమో మేలు.

చదును. మడిలో ఒక మూల రెండు ఇంచులు ఎత్తుగా ఉందంటే పల్లంలో నీరు నిలిచి ఉండగానే అక్కడ నెర్రెలిస్తుంది. పైపు ఒకటి చెప్తుంది, పైరు ఇంకోటి చెప్తుంది. అద్దెకు లేజర్ లెవలర్ దొరికితే ఒకసారి చేయించండి, కొన్నేళ్లు పనికొస్తుంది. లేకపోతే దమ్ములో పలచగా నీరు పెట్టి చూడండి. నీరు మిట్టనూ పల్లాన్నీ చూపిస్తుంది. అప్పుడు మట్టి లాగండి.

గట్లు. ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొరియలు పూడ్చి, గట్టు చెక్కి, బురద మెత్తండి. గట్టు కారుతుంటే నీరు ఎక్కడికి పోతోందో తెలియదు. పైపు చూసి లెక్క వేయలేరు.

5. పైపు తయారు చేయడం

అడుగు పొడవు ముక్క కోయండి. సరిగ్గా సగం దగ్గర, ఆరు ఇంచుల మీద చుట్టూ గీత గీయండి.

గీత కింది సగంలో అన్నివైపులా పెన్సిలు మందం రంధ్రాలు పెట్టండి. రంధ్రానికీ రంధ్రానికీ వేలెడు వెడల్పు దూరం ఉంటే సరిపోతుంది. పై సగానికి ఒక్క రంధ్రం కూడా పెట్టకండి. చువ్వ కాల్చి పొడిచేవాళ్లు ఆరుబయట చేయండి, ఆ పొగ పీల్చడం మంచిది కాదు.

రంధ్రాలున్న భాగం చుట్టూ దోమతెర గుడ్డ ఒక చుట్టు చుట్టి తీగతో కట్టండి. బురద లోపలికి రాకుండా నీరు మాత్రమే వస్తుంది.

వెదురు బద్ద మీద ఒక చివర నుంచి ఆరు ఇంచుల దగ్గర పచ్చ గీత, పన్నెండు ఇంచుల దగ్గర ఎర్ర గీత పెట్టండి. పైపు పై అంచు నుంచి కొలిస్తే పచ్చ గీత అంటే నేల మట్టం, ఎర్ర గీత అంటే నేలకు ఆరు ఇంచుల లోతు.

6. పైపు దించడం

నాటిన వారంలోపు, మట్టి ఇంకా మెత్తగా ఉండగానే దించండి.

ఎక్కడ దించాలి:

- గట్టు నుంచి మూడు నాలుగు అడుగులు లోపలికి. గట్టు మీద నిలబడి వంగితే కనబడాలి.
- మడిలో మిట్టా పల్లమూ కాని చోట.
- నీళ్లు పడే మడవకు దూరంగా.
- కారే గట్టుకు, పిల్లకాలువకు పక్కన వద్దు.

మడవ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. మొదటి ఏడాది చూసుకోవడానికి సులువని బోరు నీళ్లు పడే మడవ పక్కనే దించాను. రోజూ పొద్దున్నే వెళ్లి చూస్తే పైపులో నీళ్లున్నాయి. హాయిగా వచ్చేసేవాణ్ణి. పది రోజుల తర్వాత అవతలి మూలకు వెళ్తే పైరు ఆకులు చుట్టుకుని ఉన్నాయి, నెర్రెల్లో బొటనవేలు దూరుతోంది. మడవ దగ్గర నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది కదా. ఆ మూల దుబ్బుకు పిలకలు తక్కువే వచ్చాయి. ఆ తర్వాత నుంచి ఎకరానికి రెండు పైపులు, ఒకటి తప్పకుండా నీరు ఆఖరున చేరే వైపు.

దించే పద్ధతి: చేత్తో గుంట తీసి పైపును నిలువుగా పెట్టండి. పైన చెక్క ముక్క ఉంచి సుత్తితో మెల్లగా కొట్టండి. గీత నేల మట్టానికి రావాలి. ఆరు ఇంచులు లోపల, ఆరు ఇంచులు బయట. దమ్ము కింద ఉండే గట్టి పొర తగిలితే ఆపేయండి. దాన్ని పొడిస్తే అక్కడి నుంచి నీరు కిందికి జారిపోతుంది. తర్వాత పైపు లోపలి మట్టి మొత్తం చేత్తో తీసేయండి.

పరీక్ష: మడిలో నీరు నిలిపి మూడు నాలుగు గంటల తర్వాత చూడండి. పైపు లోపలా బయటా నీరు ఒకే మట్టంలో ఉండాలి. తేడా ఉంటే రంధ్రాలు మూసుకుపోయాయి. తీసి, కడిగి, మళ్లీ దించండి. ఈ పరీక్ష మానేసిన వాళ్లే తర్వాత "పైపు పనిచేయలేదు" అంటారు.

7. మొదటి రెండు వారాలు: ఆరబెట్టకండి

నాటు కుదురుకునే దాకా ఇంచు, రెండు ఇంచుల నీరు ఉండాలి. మొక్క వేరు పట్టడానికే కాదు, కలుపును అణచడానికి కూడా ఇది కావాలి.

కలుపు మొలవకముందు చల్లే ప్రెటిలాక్లోర్ లాంటి మందును నాటిన 3 నుంచి 5 రోజుల మధ్య ఇసుకలో కలిపి, పలచటి నీటిలో చల్లాలి. చల్లాక రెండు మూడు రోజులు నీరు బయటికి పోనివ్వకండి, ఆరనివ్వకండి. మోతాదు డబ్బా మీద ఉన్నదే వాడండి.

ఊద, తుంగ ఎక్కువగా వచ్చే పొలమైతే ఆరబెట్టడం ఇంకో వారం వాయిదా వేయండి. కలుపు తీశాకే మొదలుపెట్టండి. ఆరిన మడిలో ఊద లేచిందంటే తడి-పొడి మీదే మీకు విరక్తి పుడుతుంది.

8. అసలు పని: ఆరబెట్టడం, మళ్లీ పెట్టడం

నాటిన 15 రోజుల నుంచి (కలుపు ఉంటే 20, 25 రోజుల నుంచి) ఈ వరుస:

- మడిలో రెండు ఇంచుల నీరు పెట్టి మోటారు ఆపండి.
- నీరు ఇంకిపోనివ్వండి. మడి పైన నీరు కనబడకపోయినా ఏమీ చేయకండి.
- రోజూ పొద్దున ఒకే వేళకు బద్ద పెట్టి కొలవండి.
- నీటి మట్టం ఎర్ర గీతకు దిగినప్పుడు, అంటే పైపు అడుగున మట్టి మాత్రమే కనిపించినప్పుడు, మళ్లీ రెండు ఇంచులు పెట్టండి.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఈ ఆరు ఇంచుల హద్దును "సురక్షితమైన" హద్దుగా చెబుతుంది. వేర్లు అక్కడి దాకా అందుకుంటాయి కాబట్టి దిగుబడి తగ్గదు. నీటి ఖర్చు మాత్రం 30 శాతం దాకా తగ్గుతుంది.

"ఎన్ని రోజులకోసారి?" అని రోజులు అడగకండి. నేలను బట్టి, ఎండను బట్టి ఒకటి రెండు రోజుల నుంచి పది రోజుల పైదాకా పట్టవచ్చు. జనవరిలో ఆలస్యంగా దిగిన నీరే మార్చిలో చకచకా దిగిపోతుంది. అందుకే క్యాలెండర్ కంటే పైపు మాటే వినండి.

కష్టమైన సంగతి ఒకటుంది. పైన నీరు కనబడకపోతే మనసు ఆగదు. మా నాన్న మొదటి సీజన్‌లో రోజుకు రెండుసార్లు మోటారు దగ్గరికి వెళ్లేవాడు. మూడో ఆరుదలలో ఒక దుబ్బు పీకి ఆయన చేతిలో పెట్టాను. వేర్లు తెల్లగా, గుబురుగా ఉన్నాయి. ఎప్పుడూ నీరున్న మడిలోంచి ఇంకో దుబ్బు పీకాం. వేర్లు నల్లగా, కుళ్లిన గుడ్డు వాసన. ఆ తర్వాత ఆయన టెన్షన్ తగ్గింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే మాటలతో వాదించకండి, రెండు దుబ్బులు పీకి చూపించండి.

రేగడి భూమి వాళ్లకు ఒక హెచ్చరిక. వెంట్రుక మందం నెర్రె వస్తే పరవాలేదు. వేలు దూరే నెర్రె దాకా వదిలితే మళ్లీ పెట్టిన నీరంతా ఆ పగుళ్లలోంచి కిందికి జారిపోతుంది. ఆదా చేసింది అంతా పోతుంది. రేగడిలో నాలుగైదు ఇంచుల దగ్గరే నీళ్లు పెట్టేయండి.

చిరుపొట్ట దశలో (మొక్క లోపల కంకి మొదలయ్యే దశ) కూడా, మొదటి ఏడాది వాళ్లు నాలుగు ఇంచులు దాటనివ్వకండి. అనుభవం వచ్చాక ఆరు దాకా వెళ్లవచ్చు.

9. యూరియా వేసే తీరు మార్చుకోండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. మట్టి ఆరుతూ తడుస్తూ ఉంటే యూరియాలోని నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారి ఎగిరిపోతుంది. ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ సుమారు 273 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. యూరియా ఇష్టం వచ్చినట్టు చల్లితే మీథేన్‌లో సంపాదించిన దాంట్లో కొంత ఇక్కడ పోగొట్టుకుంటాం.

- నీరు నిలిచిన మడిలో యూరియా చల్లకండి.
- మడి ఆరి, నీళ్లు పెట్టాల్సిన రోజు చూసుకుని, ముందు యూరియా చల్లి వెంటనే నీళ్లు పెట్టండి. నీటితోపాటు అది వేరు దగ్గరికి దిగుతుంది.
- ఒకేసారి వేయకుండా మూడు దఫాలుగా వేయండి. ఆఖరి దఫా చిరుపొట్ట దశకు.
- పక్క పొలం పచ్చదనం చూసి అదనపు బస్తా వేయకండి. ఆకు రంగు చార్టు దొరికితే ఆకుతో పోల్చి చూసి నిర్ణయించండి.

యూరియా తగ్గితే సుడిదోమ కూడా తగ్గుతుంది. దోమ వస్తే పొలం ఆరబెట్టమని ఎలాగూ చెబుతారు. తడి-పొడిలో ఆ పని ముందే అయిపోతుంది.

10. పూత దశ: ఇక్కడ మాత్రం నీరు తగ్గనివ్వకండి

పూతకు వారం ముందు నుంచి పూత అయిపోయిన వారం దాకా మడిలో ఎప్పుడూ నీరు ఉండాలి. రెండు ఇంచుల కంటే తగ్గితే నింపుతూ ఉండండి. ఈ రోజుల్లో ఆరిందంటే తాలు గింజలే మిగులుతాయి. మండే ఎండల్లో అయితే మరీ జాగ్రత్త.

పూత ఎప్పుడో ఇలా అంచనా వేయండి: పంట కాలంలోంచి 30 రోజులు తీసేయండి. ఎంటీయూ 1010 లాంటి 120 రోజుల రకానికి విత్తిన 90 రోజులకు అటూఇటుగా పూత. 25 రోజుల నారు నాటి ఉంటే అది నాటిన 65వ రోజు. అంటే నాటిన 58వ రోజు నుంచే మడిలో నీరు నిలిపి ఉంచాలి. తారీఖును ముందే నోటు బుక్కులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోండి.

చలికి పంటకాలం సాగితే పూత కూడా ఆలస్యమవుతుంది. కాబట్టి తారీఖు ఒక్కటే చూడకండి, పొట్ట కనిపించగానే మడిలో నీరు నిలిపి ఉంచండి.

11. గింజ నిండడం, కోత

పూత వారం దాటాక మళ్లీ తడి-పొడి మొదలు. హద్దు అదే ఆరు ఇంచులు. కోతకు పది, పదిహేను రోజుల ముందు నీళ్లు పూర్తిగా ఆపేయండి. కోత మిషను దిగబడకుండా ఉంటుంది, నేల త్వరగా దున్నుకోవచ్చు.

12. ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

పైపులో నీరు అస్సలు దిగడం లేదు. పక్క పొలం నుంచి ఊట వస్తూ ఉండవచ్చు, లేదా రంధ్రాలు మూసుకుపోయి ఉండవచ్చు. పైపులోని నీరు చెంబుతో తోడేయండి. కాసేపటికి మళ్లీ బయటి మట్టానికి వస్తే ఊటే. ఊట ఎక్కువుంటే ఆ గట్టు పక్కన చిన్న కాలువ తీసి నీటిని తప్పించండి.

పైపులో నీరు రెండు గంటల్లోనే మాయమవుతోంది. కింది గట్టి పొర చిల్లుపడింది. పైపు తీసి, ఆ గుంటను బంకమట్టితో తొక్కి, రెండడుగుల అవతల మళ్లీ దించండి.

మధ్యాహ్నం ఆకులు చుట్టుకుంటున్నాయి. సాయంత్రానికి విప్పుకుంటే ఆగవచ్చు. పొద్దున్న కూడా చుట్టుకునే ఉంటే పైపు ఏం చెప్పినా వెంటనే నీళ్లు పెట్టండి. ఆ పైపు తప్పు చోట ఉంది.

అగ్గితెగులు మచ్చలు కనిపించాయి. ఆరుదల ఆపి పలచగా నీరు ఉంచండి, యూరియా ఆపండి, తెగులు అదుపులోకి వచ్చాక మళ్లీ మొదలుపెట్టండి. సాంబ మసూరి లాంటి అగ్గితెగులును తట్టుకోలేని రకాల్లో రోజూ కనిపెట్టుకుని ఉండాలి.

నడుమ వాన పడింది. మంచిదే. వాన నీటినే ఒక తడిగా లెక్కేసి మళ్లీ మొదటి నుంచి కొలవండి.

13. మోటారు, పక్క పొలం, కాలువ

ఆటో స్టార్టర్ ఉంటే ఈ పద్ధతి సాగదు. కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు దానంతటదే తిరిగి మడి నింపేస్తుంది. తీసేయండి. సాగు కరెంటు రెండు రాష్ట్రాల్లోనూ ఉచితం కాబట్టి బిల్లు మనకు కనబడదు. నీరు మాత్రం కనబడుతుంది. ఎకరంలో రెండు ఇంచులు నింపడానికి దాదాపు రెండు లక్షల లీటర్లు కావాలి. గంటకు 20 వేల లీటర్లు పోసే బోరైతే పది గంటలు. 5 హెచ్‌పీ మోటారు గంటకు నాలుగైదు యూనిట్లు లాగుతుంది, మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. ఒక్క తడి తప్పినా సుమారు 30 కిలోల కార్బన్ డయాక్సైడ్ తప్పినట్టే. ఎండాకాలం బోరు ఎండకుండా ఉండటం అన్నిటికంటే పెద్ద లాభం.

పక్క రైతుతో ముందే మాట్లాడండి. ఆయన మడి నుంచి మీ మడిలోకి ఊట రాకుండా ఇద్దరూ కలిసి గట్టు బలపరుచుకోండి.

కాలువ కింద వారాల వంతున నీళ్లు వదిలే చోట, మీ హద్దు రాకముందే నీళ్లు వస్తే పెట్టేసుకోండి. వచ్చే వంతు ఎప్పుడో తెలియకుండా ఆగవద్దు. అక్కడ ఒకటి రెండు ఆరుదలలు కుదిరినా మేలే.

14. నోటు బుక్కులో ఏం రాయాలి

- నాటిన తేదీ, రకం, అంచనా పూత తేదీ
- నీళ్లు పెట్టిన ప్రతి తేదీ, మోటారు నడిచిన గంటలు
- ప్రతిరోజూ పైపు కొలత, వాన పడితే ఆ తేదీ
- యూరియా వేసిన తేదీలు, ఎంత
- కోతలో తడి-పొడి మడి దిగుబడి, పాత పద్ధతి మడి దిగుబడి విడివిడిగా

కార్బన్ క్రెడిట్ల (తగ్గించిన వాయువులకు డబ్బు ఇచ్చే పద్ధతి) పేరుతో ఎవరైనా వస్తే ఈ పుస్తకమే మీ బలం. సంతకం పెట్టే ముందు నాలుగు అడగండి: ఎన్నేళ్ల ఒప్పందం, మీ వాటా ఎంత, డబ్బు ఎప్పుడు ఇస్తారు, కొలతలు ఎవరు పరిశీలిస్తారు. ముందుగా మిమ్మల్నే డబ్బు కట్టమంటే పంపించేయండి.

15. కోత అయ్యాక

కోత మిషను రాకముందే పైపులు పీకండి. మిషను కింద పడితే పైపు పోతుంది, ముక్కలు మడిలో మిగిలి కాళ్లకు కోసుకుంటాయి. పీకి, గుడ్డ విప్పి, రంధ్రాల్లో మట్టిని పుల్లతో పొడిచి కడగండి. ఏ పైపు ఏ మడిదో దాని మీదే పెయింటుతో రాయండి. వచ్చే ఏడాది చోటు మార్చాలనుకున్న పైపుకు పక్కన ఒక గుర్తు పెట్టి, నీడలో పెట్టేయండి.